బండికి యోగ్యత, దండనకు విచారణ

ఆదోని నుండి బయలుదేరి ఎమ్మిగనూరు మీదుగా ఉత్తరదిశకు సాగిపోవు రహదారి తుంగభద్రను దాటి రాయచూరు సీమను చేరబోవు తావున, మంత్రాలయ మండలమునకు చెందిన మాధవరమను గ్రామము కలదు. నల్లరేగడి నేలలలో పండిన పత్తిని, వేరుసెనగను, ఉల్లిని మోసికొనిపోవు లారీలును, మంత్రాలయపు రాఘవేంద్ర గురురాయల దర్శనమునకై కన్నడదేశము నుండి వచ్చు భక్తుల వాహనములును ఈ త్రోవనే నదిని దాటుచుండును. వంతెనకు ఇవతల ఆంధ్రము, అవతల కర్ణాటకము. సరిహద్దన్నచోట తనిఖీ యుండక తప్పదు. త్రోవలో నిలిచిన ఉద్యోగి చేయి పైకెత్తినంతనే బ్రేకు నొక్కిన డ్రైవరు, తలపైనున్న అరలోనుండి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితముల కట్టను దింపి ఒక్కొక్కటిగా అందించుచుండగా, అతని మనస్సు అన్నిటికంటె ఎక్కువగా ఒక్క కాగితమును గూర్చియే తల్లడిల్లును. అది బండి నడుచుటకు తగియున్నదని ప్రభుత్వము ఇచ్చెడి యోగ్యతాపత్రము. లారీలవారు దానిని ‘ఎఫ్.సి.’ యందురు. దాని గడువు నిన్నటితో ముగిసియున్నచో నేటి ప్రయాణము నేరమగును. నేరమునకు చలానా పుట్టును. చలానా వెంట వాదము పుట్టును.

ఈ వాదము మోటారుబండ్లతో పుట్టినదనియు, పోలీసులకును డ్రైవర్లకును నడుమ నిత్యము జరిగెడి చిల్లర తగవు మాత్రమే యనియు తలచువారు పెక్కుమంది కలరు. చరిత్రను కొంచెము వెనుకకు త్రవ్వి చూచినచో ఆ తలంపు నిలువదు. బండిని పరీక్షించు ఆచారము ఎంత ప్రాచీనమో, పరీక్ష తప్పిన బండిపై వేసిన దండనను ప్రశ్నించు ఆచారమును అంత ప్రాచీనమే. ఒక చక్రముతో బండి నడువనట్లే, పరీక్ష యొక్కటియే యుండి విచారణ లేనిచోట ధర్మమును నడువదు. ఈ సంగతిని మాధవరపు రేవునుండి మొదలుపెట్టి చెప్పుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వంతెనలు లేని కాలమున తుంగభద్రను దాటించినవి పుట్టులు. వెదురుతోను బెత్తముతోను గుండ్రని బుట్టవలె అల్లి, వెలుపల తోలు కప్పిన ఈ తెప్పలను, సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆశ్చర్యముతో వర్ణించియున్నాడు. పదునైదు ఇరువది మంది మనుష్యులే కాక, గుఱ్ఱములును ఎద్దులును సైతము వాటిలో నదిని దాటుచుండెనని అతడు వ్రాసెను. అట్టి పుట్టిలో కాలుపెట్టు ప్రయాణికునికి తోలు పిగిలియున్నదో లేదో తెలియదు. తెలియవలసినవాడు పుట్టి నడుపువాడు. అతనిపై కన్ను వేసియుంచవలసినది ప్రభుత్వము. కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ విషయమున చూపిన నిష్పాక్షికత నేటికిని మనలను ఆలోచింపజేయును. తగినంత మంది పనివారు గాని పరికరములు గాని లేకపోవుటచేతనో, మరమ్మతు చేయకపోవుటచేతనో నావ మునిగినయెడల, కలిగిన నష్టమును నావాధ్యక్షుడే భరించవలెనని ఆ శాస్త్రము విధించినది. ప్రజను పరీక్షించు అధికారి, తన పరీక్షలో తాను తప్పినచో తానును దండనార్హుడే యని దీని తాత్పర్యము.

నేలపై నడిచెడి బండ్ల విషయమున స్మృతికారులు మరింత సూక్ష్మముగా ఆలోచించిరి. మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున, బండివలన హాని కలిగినప్పుడు ఎవరిని దండింపవలెనో చెప్పుటకు ముందే, ఎవరిని దండింపరాదో పది సందర్భములుగా లెక్కించి చెప్పబడినది. ఎద్దు ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, బండి ప్రక్కకు ఒరిగినను, వెనుకకు జారినను, ఇరుసు విరిగినను, చక్రము విరిగినను, కట్లు తెగినను, మెడపట్టెడ తెగినను, పగ్గము తెగినను, ‘తొలగుడు, తొలగుడు’ అని తోలువాడు కేకవేసియున్నను దండన లేదని దాని సారాంశము. ఈ పదింటిని దాటినప్పుడే దండన ప్రవేశించును. అప్పుడును అది గ్రుడ్డిగా పడదు. తోలువాడు పనిలో నేర్పరియైనచో దండన అతనిది; నేర్పులేనివానికి బండి నప్పగించినచో దండన యజమానిది; అట్టి బండి నెక్కి కూర్చుండిన ప్రయాణికులును దండనకు పాత్రులే యని ఆ స్మృతి చెప్పినది. యాజ్ఞవల్క్యస్మృతియు ముకుత్రాడు తెగిన బండికి, కాడి విరిగిన బండికి యజమాని దోషి కాడని వచించినది. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను విజ్ఞానేశ్వరుడు రచించినది, మన తుంగభద్రకు ఎగువనున్న దేశమునే యేలిన కళ్యాణి చాళుక్యుడు ఆరవ విక్రమాదిత్యుని కాలమున. పదుమూడవ శతాబ్దిలో కేతన ఆ ధర్మశాస్త్రమును ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. దండనీతి సంస్కృతపండితుల సొత్తుగా మిగిలిపోక తెలుగువారి చెవికి అందవలెనను కోరిక ఆనాటికే యుండెనని దీనివలన తెలియుచున్నది.

ఈ శాస్త్రములను చదువనివారును ఆచరణలో వాటికి తీసిపోలేదు. పశ్చిమ కర్నూలు పల్లెలలో వడ్రంగియు కమ్మరియు ఊరి ఆయగాండ్రలోనివారు. రైతు కళ్లములో వారికి పాలు ధాన్యముండెడిది. ఆ పాలు ఊరక వచ్చినది కాదు. ఎండకాలపు చివర, ఏరువాకకు ముందు, రైతు బండిని వడ్రంగి వాకిటికి తోలుకొనిపోయెడివాడు. ఆకులు వదులైనవా, నొగ పగిలినదా, ఇరుసు అరిగినదా యని వడ్రంగి చేతితో తట్టి, చెవితో విని చూచెడివాడు. చక్రపు ఇనుపపట్టా వదులైనచో కమ్మరి దానిని ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి, నీళ్లు చల్లి బిగించెడివాడు. ఇరుసునకు కందెన వేయుట, చక్రము ఊడిపోకుండ శీల కొట్టుట రైతు వంతు. శీల లేని బండి నెక్కరాదని పసిబిడ్డకును తెలియును. ఏటేట పుష్యమాసములో ఎమ్మిగనూరున జరిగెడి నీలకంఠేశ్వరస్వామి జాతరకు చుట్టుప్రక్కల పల్లెల బండ్లన్నియు కదలుచుండగా, దేవుని రథమునకును ఇదే మర్యాద జరిగెడిది. వేలమంది మోకులు పట్టి లాగు రథపు ఇరుసును ముందుగా చూడకుండ ఎవ్వరును తాడు ముట్టరు. కాగితము లేకున్నను ఇదియు యోగ్యతాపరీక్షయే. పరీక్షించువాడు బండివానికి ఎదురుగా నిలిచినవాడు కాడు; అతని ఊరివాడే, అతని గింజలు తినువాడే. నేటి తనిఖీకిని నాటి తనిఖీకిని గల ముఖ్యభేదము ఇచ్చటనే కలదు.

ఇక విచారణ విషయమునకు వత్తము. 1800 సంవత్సరమున నిజాము ఆదోని మొదలగు సీమలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. వాటికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ దత్తమండలములలోనే సంచరించెను. అతనిని గూర్చి మంత్రాలయమున నేటికిని చెప్పుకొను కథ యొకటి కలదు. ఆదోని పాలకుడు సిద్ది మసూద్‌ఖాను రాఘవేంద్రస్వామి మఠమునకు ఇచ్చిన మంచాల గ్రామపు మాన్యమును ప్రభుత్వము తిరిగి తీసికొనదలచినప్పుడు, మన్రో విచారణకై స్వయముగా వచ్చి స్వామి సమాధియైన బృందావనము నెదుట నిలువగా, రాఘవేంద్రస్వామి అతనికి మాత్రమే కనబడి మాటలాడిరనియు, దానితో మాన్యము నిలిచినదనియు ఆ కథ. భక్తులు దీనిని మహిమగా చెప్పుకొందురు. చరిత్రకారుడు ఇందులో మరియొక విషయమును గమనింపవచ్చును. ప్రభుత్వపు హక్కుకు ఎదురుగా ఒక ప్రజాసంస్థ వాదము వినిపించగా, ఆజ్ఞను అమలు చేయవలసిన అధికారి స్థలమునకు వచ్చి విని, తన అభిప్రాయమును మార్చుకొన్నాడన్న మాటను ఈ ప్రాంతపు జనము ఇన్ని తరములుగా మరువక కాపాడుకొనుచున్నారు. శిస్తును నేరుగా రైతునుండియే వసూలు చేసెడి రైత్వారీ పద్ధతిలో, ఏటేట శిస్తును తేల్చెడి జమాబందీయు రైతు అభ్యంతరమును విను తావే. మన్రో 1827లో గవర్నరు హోదాలో ఈ సీమకే తిరిగివచ్చి, పత్తికొండలో కలరా సోకి మరణించెను. అర్జీ వ్రాసిపెట్టుకొనుట, విచారణ కోరుట అను అలవాటు ఈ మెట్టభూములలో గట్టిగా వేళ్లూనినది.

1871లో మదరాసు రైలుమార్గము ఆదోని మీదుగా తుంగభద్రను దాటి, రాయచూరున బొంబాయి మార్గమును కలసికొన్నది. ఆ తరువాత అయిదేండ్లకే, 1876లో మొదలై 1878 వరకు బళ్లారి, కర్నూలు మండలములను దహించిన మహాక్షామము వచ్చెను. రైలు తెచ్చి దించిన ధాన్యము ఊరూరికి చేరవలెనన్న బండ్లే దిక్కు. ఆ బండ్లను లాగవలసిన ఎద్దులు మేత లేక చచ్చుచుండెను. ఆకలితో నున్న యూరికి గింజలు తీసికొనిపోవు బండిని ఆపి, నీ చక్రము సరిగా లేదని వెనుకకు త్రిప్పినవానిని ధర్మము మెచ్చదు గదా. ఈ మాట ఇక్కడ ఏల చెప్పవలసివచ్చెనో కొంచెము తరువాత తెలియును.

ఆదోనికి పురపాలకసంఘము 1865లోనే ఏర్పడియుండెను. పట్టణములలో బండ్లకు పన్ను విధించు అధికారము పురపాలకులకు దక్కినను, బండి యోగ్యతను దేశమంతటికి ఒకే శాసనము క్రిందికి తెచ్చినది మోటారు. 1914లో వెలసిన భారత మోటారువాహనముల చట్టము కొద్దిపాటిది. 1939లో దాని స్థానమున వచ్చిన విస్తృతమైన చట్టము, అద్దెకు మనుష్యులనో సరకులనో మోయు ప్రతి రవాణా వాహనమునకు యోగ్యతాపత్రము ఉండితీరవలెనని 38వ విభాగమున విధించెను. ఆ చట్టము అదే యేడు జూలై 1న అమలులోనికి వచ్చినది. రెండు నెలలు తిరుగగనే ఐరోపాలో యుద్ధము మొదలైనది. పెట్రోలుకు రేషను వచ్చుటచే, బస్సు వెనుక కట్టిన కొలిమిలో బొగ్గు మండించి ఆ వాయువుతో బండి నడిపించు కాలము దాపురించెను. ఆ బొగ్గుబస్సులలో ప్రయాణము చేసిన పెద్దలు, ఎత్తు వచ్చినప్పుడు దిగి త్రోసిన కథలను మనుమలకు చెప్పిరి. అట్టి బండ్లను ‘తగినవి’ యని ధ్రువపరచవలసిన ఉద్యోగికి జనము పెట్టిన పేరు ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’. మోటారువాహనముల తనిఖీదారు అను పొడవైన పదవిపేరు ఎవ్వరి నోటను నిలువలేదు. అతని పనిలో ముఖ్యమైనది బ్రేకు చూచుటయే యని జనము తామే నిర్ణయించి, ఆ పేరుతోనే అతనిని ఇప్పటికిని పిలుచుచున్నారు. వడ్రంగి ఇరుసు తట్టి చూచిన చోట ఇతడు పెడలు త్రొక్కి చూచును.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు బళ్లారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు తాలూకాలు విడివడి కర్నూలు జిల్లాలో చేరినవి. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రములో కలసిపోగా, ఒకప్పుడు కంపెనీ సీమకును నిజాము సీమకును నడుమ పారిన తుంగభద్ర మాధవరమునొద్ద రెండు రాష్ట్రముల యెల్లగా నిలిచినది. ఆదోని పత్తివిపణియు, నూనెమిల్లులును, పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘమును పెరిగినకొలది సరకు పెరిగెను, లారీలు పెరిగెను, వాటివెంట కాగితములును పెరిగెను. ఇదే కాలమున అన్యదేశములును ఈ త్రోవనే పట్టినవి. బ్రిటనులో పదియేండ్లు నిండిన కార్లకు ఏటేట పరీక్షను ప్రవేశపెట్టినది 1960లో. ఏడేండ్లు గడువకముందే ఆ వయస్సును మూడేండ్లకు తగ్గించిరి. ప్రాతబడిన యంత్రము తన దోషమును తాను చెప్పదనియు, దానిని చెప్పించవలసినది పరీక్షయే యనియు అన్నిదేశముల అనుభవము.

నేడు మనలను పాలించుచున్నది 1988 నాటి చట్టము. 1989 జూలై 1 నుండి అమలులో నున్నది. ఇందలి 56వ విభాగము పాత చట్టపు మాటనే నిలుపుకొన్నది. యోగ్యతాపత్రము లేని రవాణావాహనము, రిజిస్ట్రేషను కలిగియున్నను, లేనట్లే భావింపబడును. ఇది శాసనము చేసిన కల్పన. బండికి నంబరు కలదు, యజమాని పేర పుస్తకము కలదు, పన్ను చెల్లింపబడినది, అయినను ఎఫ్.సి. గడువు దాటిన మరునాటి నుండి చట్టదృష్టిలో అది రిజిస్టరు కాని బండియే. అందుచేతనే రిజిస్ట్రేషను లేని బండికి 192వ విభాగము నిర్ణయించిన శిక్ష దీనికిని తగులును: మొదటిసారి రెండువేలకు తగ్గక అయిదువేల రూపాయల వరకు, మరల పట్టుబడినచో అయిదువేలకు తగ్గక పదివేల వరకు జరిమానా, లేక ఏడాది వరకు జైలు, లేక రెండును. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జరిమానాలను సవరించినప్పుడు ఎఫ్.సి. లేని బండికి మొదటిసారి రెండువేలు, రెండవసారి అయిదువేలుగా నిర్ణయించెను.

ఇంతవరకు చదివినవారికి ఈ చట్టము రాతిగోడవలె కనబడును. కాని ఆ గోడకు తలుపులు కలవు. వాటిని శాసనకర్తలే పెట్టిరి. మొదటిది, రోడ్డుపై చెల్లించెడి సొమ్ము శిక్ష కాదు, రాజీరుసుము. 200వ విభాగము ప్రకారము ప్రభుత్వము నిర్ణయించిన మొత్తమును అధికారికి కట్టి వ్యవహారమును అక్కడితో ముగించుకొనవచ్చును. ఒప్పుకొననివాడు న్యాయస్థానమునకు పోవచ్చును. రాజీ యనుమాటలోనే ఇష్టము ఇమిడియున్నది. రెండవది, కాగితము ఇంటనుండి బండిలో లేకపోవుట వేరు, అసలే లేకపోవుట వేరు. చేత లేని పత్రముల నకళ్లను పదునైదు రోజులలోపల సమర్పించుటకు చట్టము అవకాశమిచ్చినది, ఇప్పుడు ఫోనులోని ప్రతియు చెల్లును. మూడవది, జరిమానాకు కనీసపు హద్దు పెట్టిన 192వ విభాగమే, కారణములను వ్రాతపూర్వకముగా చెప్పి న్యాయాధికారి అంతకంటె తక్కువ శిక్ష విధింపవచ్చునని వెంటనే చెప్పినది. నాలుగవది అన్నిటికంటె హృద్యమైనది. రోగులను, గాయపడినవారిని అత్యవసరముగా తీసికొనిపోవుటకు గాని, ఆపదలో నున్నవారికి ఆహారమును, మందులను చేర్చుటకు గాని బండిని వాడినచో ఆ విభాగపు శిక్ష వర్తింపదు. ఏడు రోజులలోపల రవాణా అధికారికి ఆ విషయమును తెలిపిన చాలును. 1876 నాటి క్షామపు ధాన్యపుబండి నిచ్చట స్మరింపక యుండగలమా? మనుస్మృతి పది మినహాయింపులను ముందు చెప్పి దండనను తరువాత చెప్పినది. మన చట్టము దండనను ముందు చెప్పి మినహాయింపును తరువాత చెప్పినది. వరుస మారినను రెండును కలిసియేయున్నవి.

పరీక్షలోనే బండి తప్పినదన్నచో, అందుకు కారణములను అధికారి వ్రాసి ఇవ్వవలెను. ఆ తీర్పుపై ముప్పది దినములలోపల అప్పీలు చేసికొనవచ్చును. బ్రేకు ఇన్‌స్పెక్టరు మాటయే కడపటిమాట కాదని 57వ విభాగము చెప్పుచున్నది. ఈ తలుపులు తెలియనివాడు ఆదోని, ఎమ్మిగనూరు న్యాయస్థానముల మెట్లెక్కుటకంటె రోడ్డుపైననే కట్టి పోవుట మేలనుకొనును. ఒకదినపు వాయిదాకు ఒకదినపు బాడుగ పోవును గనుక అతని లెక్క అతనికి సరియే. కాని తేదీ తప్పుగా నమోదైనదని గాని, పరీక్షకు రుసుము కట్టి దినము కోరినను అది గడువు దాటిన పిమ్మటనే దొరికినదని గాని చూపగలిగినవాడు మౌనముగా కట్టిపోవుట వలన, ఆ తప్పు దిద్దబడక మరునాడు మరియొకనిపై పడును. ఒక్క డ్రైవరు నిలిచి అడిగిన ప్రశ్న అతని వెనుక వచ్చు పదిమందికి త్రోవ చేయును.

విచారణ లేని దండన ఎట్లుండునో ఇటీవలి చరిత్రమే చూపినది. 2016 డిసెంబరులో కేంద్రప్రభుత్వము రుసుములను సవరించుచు, యోగ్యతాపత్రము గడువు ముగిసిన పిమ్మట ఆలస్యమైన ప్రతి దినమునకు యాబది రూపాయల అదనపు రుసుమును చేర్చినది. చూచుటకు స్వల్పము, కాని ఏడాదికి పదునెనిమిదివేల రెండువందల యాబది రూపాయలు. అప్పుపై ఆటో కొని, రోగమువలననో, మరమ్మతువలననో దానిని మూలపెట్టినవాడు తిరిగి రోడ్డెక్కుట కిది పెద్ద అడ్డమైనది. జరిమానా యైనచో న్యాయాధికారి కారణము విని తగ్గింపగలడు. రుసుము పేర వచ్చిన దానికి వాదము చెప్పుకొను బల్లయే లేదు. కంప్యూటరు దినములను లెక్కించును, మొత్తమును చూపును. అందువలననే తెలుగుసీమలలో ఆటో, లారీ కార్మికులు వీధికెక్కిరి. 2022 మే 19న హైదరాబాదులో ఆటోలు, క్యాబులు, లారీలు నిలిపివేసిన బందుకు ముఖ్యకారణములలో ఈ యాబది రూపాయలు ఒకటి. న్యాయస్థానములో చెప్పుకొనుటకు తావులేని మాట చౌరస్తాలో చెప్పవలసివచ్చెను.

ప్రభుత్వములకును ఈ కష్టము తెలియక పోలేదు. 2020లో కరోనా వచ్చి కార్యాలయములు మూతపడినప్పుడు, ఆ యేడు ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన యోగ్యతాపత్రములను చెల్లునట్టివిగా భావింపవలెనని కేంద్రము మార్చి 30న సూచించి, ఆ గడువును మాటిమాటికి పొడిగించుచు 2021 అక్టోబరు 31 వరకు తెచ్చినది. ఇరుసు విరిగినవానికి దండన లేదన్న స్మృతివాక్యమును దేశమంతటికి ఒక్కమారుగా అన్వయించినట్లయినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన ‘వాహనమిత్ర’ పథకము, సొంత ఆటో, టాక్సీ నడుపుకొనువారికి ఏటికి పదివేల రూపాయల నిచ్చుచు, బీమా, ఎఫ్.సి., మరమ్మతుల ఖర్చులకే దానిని ఉద్దేశించినది. చెల్లింపలేనివానిని శిక్షించుటకంటె చెల్లించుటకు చేయూతనిచ్చుట మేలన్న తలంపు అందుండెను. కళ్లములో వడ్రంగికి ధాన్యము కొలిచిన గ్రామపు బుద్ధికి అది దగ్గరగా నుండెను.

ఇంత చెప్పిన పిమ్మట పరీక్షనే చులకన చేయువారి పక్షమున నేను మాటలాడుచున్నానని ఎవ్వరును అనుకొనరాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు లోయలో బస్సు పడి అరువదిమందికి పైగా మరణించిరి. 2013 అక్టోబరు 30న బెంగుళూరు నుండి హైదరాబాదుకు పోవు బస్సు కర్నూలు దాటిన పిమ్మట పాలెము వద్ద మంటలలో చిక్కి నలుబదియైదుగురు దగ్ధులైరి. అట్టి ఉదయమున కారణములను వెదకువారి మొదటి ప్రశ్న బండి నడుచుటకు తగియుండెనా యనునదే. ఆ ప్రశ్న ముందే వేయబడియుండవలసినది.

మన సీమకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. వానలు తప్పిన యేడు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయ ప్రాంతముల పల్లెలకు పల్లెలు ఇండ్లకు తాళములు వేసి ‘సుగ్గి’కి పోవును. గుంటూరు మిరపతోటలకో, పొరుగు రాష్ట్రముల పత్తిచేలకో పోవు ఆ కూలిజనము, గిన్నెలతో, మూటలతో, చంకనున్న బిడ్డలతో, దొరికిన జీపులోనో, సరకుబండిలోనో క్రిక్కిరిసి కూర్చుండును. బండికి ఎఫ్.సి. కలదా యని వారిలో ఎవ్వరును అడుగరు. అడిగినచో మరియొక బండి దొరకదు. నేర్పులేనివాని బండి నెక్కిన ప్రయాణికునిని సైతము దండింపుమన్న స్మృతివాక్యమొక్కటి మాత్రము నేటి మన మనస్సునకు పట్టదు. ఏలయన ఎక్కుట మానుకొను స్వాతంత్ర్యము లేనివానికి ఎక్కిన నేరము అంటగట్టుట న్యాయము కాదు.

ఆలోచించి చూడగా, మాధవరమునొద్ద జరిగెడి ఆ తగవులో పక్షములు రెండు కావు, మూడు. చలానా వ్రాయువాడొకడు, దానిని ప్రశ్నించువాడొకడు. మాటలాడకుండ వెనుక కూర్చున్న మూడవవారు ఈ ప్రయాణికులు. తనిఖీ చేయు ఉద్యోగి వారిని తలచినచో, గడువు దాటిన తేదీని మాత్రమే చూచి తృప్తిపడక, బ్రేకు పట్టుచున్నదా యని కూడ చూచును. ప్రశ్నించు యజమాని వారిని తలచినచో, తేదీ విషయమున న్యాయమునకై ఎంతదూరమైనను పోవును గాని, అరిగిన టైరును దాచుటకు చట్టపు సందును వెదకడు. శాసనము చేయువారు వారిని తలచినచో, దండనకు విచారణను ఎన్నడును దూరము చేయరు. విని విధించిన శిక్షనే మనిషి తనదిగా ఒప్పుకొని, మరునాడు బండిని బాగుచేయించును గనుక.

తుంగభద్రపై పుట్టులు పోయినవి, వంతెనలు వచ్చినవి. కొయ్యశీలల స్థానమున మరచీలలు వచ్చినవి. వడ్రంగి చెవి స్థానమున నేడు పరీక్షాయంత్రములును వచ్చుచున్నవి. మారనిది ఒక్కటే. రేపటి తెల్లవారుజామున ఏదో యొక పల్లెనుండి సుగ్గికి బయలుదేరు బండిలో ఒక తల్లి, నిద్రపోవు బిడ్డను ఒడిలో సర్దుకొని, బండి నడుపువానిని నమ్మి కన్నుమూసికొనును. ఆమె కాగితమును చూడలేదు, ఇరుసును తట్టలేదు. ఆమెకు మారుగా ఎవరో చూచియున్నారన్న నమ్మకమే ఆమె ప్రయాణము. ఆ నమ్మకమును నిలుపుటకే పరీక్ష, ఆ పరీక్ష న్యాయముగా జరుగుటకే విచారణ.